ఆకలి దశాబ్దపు కవి – శ్రీశ్రీ

ఉద్దేశం

ఒక కవి రచనను సరిగా అర్థం చేసుకోవాలంటే ఆ కవి జీవించిన కాలం తెలియాలి. 1929లో మొదలై ప్రపంచాన్ని పీడించిన ఆర్థిక మాంద్యం తెలుగునాట ఒక యువకుణ్ణి మహాకవిగా తీర్చిదిద్దిన తీరును వివరించడం, ఆ కాలపు సాహిత్యాన్ని నేటి విద్యార్థులు ఏ దృష్టితో చదవాలో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రవేశిక

విశాఖపట్నం నుండి విజయనగరం వైపు వెళ్లే రైలు సింహాచలం కొండలను దాటిన తరువాత పెందుర్తి చేరుతుంది. నేడు మహా విశాఖ నగరంలో అంతర్భాగమైన పెందుర్తి ఒకప్పుడు పట్టణానికి వెలుపల ఉన్న పల్లె. 1931లో రాయపూర్ – విజయనగరం రైలుమార్గం పూర్తయింది. 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైంది. మధ్యపరగణాల నుండి మాంగనీసు ఖనిజాన్ని మోసుకొని వచ్చే గూడ్సు బండ్లు ఈ పల్లె మీదుగానే రేవుకు చేరేవి. పైకి చూస్తే అది అభివృద్ధి కాలం. కొత్త రైలుమార్గం, కొత్త రేవు, కొత్త ఓడలు వచ్చాయి. అయితే ఆ పట్టాలకు ఇరువైపులా ఉన్న పల్లెల్లో ధాన్యం పండించిన రైతు చేతిలో పైసా నిలవని కాలం కూడా అదే. ఈ వైరుధ్యాన్ని కళ్లారా చూసి, స్వయంగా అనుభవించి, కవిత్వంగా మలచినవారు విశాఖ ముద్దుబిడ్డ శ్రీరంగం శ్రీనివాసరావు. తెలుగువారందరికీ ఆయన శ్రీశ్రీ.

బాల్యం – విద్యాభ్యాసం

శ్రీశ్రీ 1910లో విశాఖపట్నంలో జన్మించారు. తల్లి అప్పలకొండ, తండ్రి పూడిపెద్ది వెంకటరమణయ్య. శ్రీరంగం సూర్యనారాయణకు దత్తత వెళ్లడం వల్ల ఆయన ఇంటిపేరు శ్రీరంగంగా మారింది. పసితనంలోనే కన్నతల్లిని పోగొట్టుకున్నారు. సవతి తల్లి సుభద్రమ్మ ఆయనను ఆప్యాయంగా పెంచారు. ఒకవైపు సముద్రం, మరొకవైపు కొండలు గల విశాఖ ఆయన బాల్యానికి ఊహాశక్తిని అందించింది.

శ్రీశ్రీకి చదువుకంటే ముందు పద్యం అబ్బిందని చెప్పవచ్చు. చిన్ననాడే ఛందస్సు నేర్చుకొని పద్యాలు అల్లడం ఆరంభించారు. 1925లో పాఠశాల చదువు పూర్తయింది. ఆనాటి ఆచారం ప్రకారం అదే సంవత్సరం వెంకటరమణమ్మతో వివాహం కూడా జరిగింది. విశాఖలో పురిపండా అప్పలస్వామి వంటి సాహితీమిత్రుల సాంగత్యం ఆయనకు లభించింది. 1928లో, పద్దెనిమిదేళ్ల ప్రాయంలో, ‘ప్రభవ’ అనే పద్యకృతిని వెలువరించారు. అందులోని పద్యాలు సంప్రదాయ ఛందస్సులో, ఆనాడు యువకులను ఉర్రూతలూగిస్తున్న భావకవిత్వపు ఛాయలో సాగాయి. ఆ పద్యాలు చదివినవారెవరూ ఈ యువకుడే మరి అయిదారేళ్లలో తెలుగు కవిత్వాన్ని మలుపు తిప్పుతాడని ఊహించి ఉండరు.

తరువాత శ్రీశ్రీ ఉన్నత విద్య కోసం మద్రాసు వెళ్లారు. 1931లో జంతుశాస్త్రం ప్రధాన విషయంగా మద్రాసు విశ్వవిద్యాలయం నుండి బి.ఏ. పట్టం పొందారు. ఆనాడు పట్టభద్రుడంటే ఊరంతటికీ గౌరవం. సర్కారు కొలువు ఖాయమన్న నమ్మకం ప్రతి ఇంటా ఉండేది. కాని శ్రీశ్రీ పట్టం చేతపట్టుకొని బయటకు వచ్చేనాటికి లోకం తారుమారయింది.

లోకాన్ని కమ్మిన మాంద్యం

1929 అక్టోబరులో అమెరికాలోని న్యూయార్కు నగరంలో వాటాల విపణి కుప్పకూలింది. బ్యాంకులు మూతపడ్డాయి. కర్మాగారాల్లో పని నిలిచిపోయింది. 1933 నాటికి అమెరికాలో పనిచేయగల ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి ఉద్యోగం లేదు. విచిత్రమేమంటే అది పంటలు పండక వచ్చిన కరువు కాదు. సరుకు గుట్టలుగా ఉంది, కొనగలిగే శక్తి మాత్రం ప్రజలకు లేదు. బ్రెజిల్ దేశంలో ధర నిలబెట్టడం కోసం కాఫీ గింజలను తగులబెట్టారు. ఒకచోట తిండి మండుతుంటే మరొకచోట కడుపులు మండుతున్న కాలం అది.

ఎక్కడో న్యూయార్కులో జరిగిన దానికి పెందుర్తి పరిసరాల్లోని పొలాలకు సంబంధమేమిటన్న సందేహం సహజం. సంబంధం ధరలో ఉంది. ప్రపంచ విపణిలో బియ్యం, వేరుసెనగ, ప్రత్తి వంటి పంటల ధరలు పడిపోగానే మద్రాసు రాజధానిలోనూ పడిపోయాయి. కొద్ది సంవత్సరాల్లో ధాన్యం ధర దాదాపు సగానికి దిగింది. అంటే రైతు అంతకు ముందు ఒక బస్తా అమ్మి సంపాదించిన డబ్బు కోసం ఇప్పుడు రెండు బస్తాలు అమ్మవలసి వచ్చింది. భూమి శిస్తు మాత్రం తగ్గలేదు. వడ్డీ వ్యాపారికి చెల్లించవలసిన బాకీ తగ్గలేదు. పంట విలువ కరిగిపోయింది, అప్పు విలువ నిలిచి ఉంది. ఆ తేడాను పూరించడానికి రైతులు మొదట బంగారాన్ని, తరువాత భూమిని కుదువపెట్టారు. 1931లో బ్రిటన్ తన నాణేనికి, బంగారానికి ఉన్న ముడిని తెంచుకున్న తరువాత బంగారం ధర పెరిగింది. అప్పులు తీర్చుకోవడానికి పల్లెటూరి స్త్రీలు ఒంటి మీది నగలు అమ్మవలసి వచ్చింది. అలా కరిగించిన బంగారం ఓడలకెక్కి పరదేశాలకు తరలిపోయింది.

ఉత్తరాంధ్రకు మరొక దెబ్బ కూడా తగిలింది. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల పేదలు తరతరాలుగా ఓడలెక్కి బర్మా వెళ్లి రంగూను రేవులో, వరి మిల్లులలో కూలిపని చేసేవారు. ఊరిలో పని లేనప్పుడు వారికి రంగూనే దిక్కు. మాంద్యంతో బర్మాలో బియ్యపు వ్యాపారం దెబ్బతిన్నది. 1930 మే నెలలో రంగూను రేవులో పని కోసం తెలుగు కూలీలకు, బర్మా కూలీలకు మధ్య చెలరేగిన ఘర్షణ పెద్ద అల్లర్లుగా మారి అనేకుల ప్రాణాలు తీసింది. ఇద్దరూ పేదలే, ఇద్దరికీ కావలసినది ఒకే పూట తిండి. ఆ పని కోసం వారే ఒకరిపై ఒకరు కత్తి దూసుకోవలసి రావడం మాంద్యం తెచ్చిన ఘోరాలలో ఒకటి.

నిరుద్యోగం – ఆకలి

ఇటువంటి కాలంలో పట్టభద్రుడైన శ్రీశ్రీకి స్థిరమైన జీవనోపాధి దొరకలేదు. ఖర్చు తగ్గించుకొనే ప్రయత్నంలో ఉన్న ప్రభుత్వ కార్యాలయాలలో కొత్త కొలువులు అరుదయ్యాయి. ఉద్యోగం కోసం, సాహిత్యం కోసం ఆయన విశాఖకు, మద్రాసుకు మధ్య తిరిగారు. ఆకలితో గడిపిన రోజులు ఆయన జీవితంలో అనేకం. తరువాతి కాలంలో ఆయన ఆ దశాబ్దాన్ని ఆకలి దశాబ్దంగానే తలచుకొనేవారు.

ఆ రోజులలో శ్రీశ్రీకి ఆప్తమిత్రుడు కొంపెల్ల జనార్దనరావు. ఆయన కవి, ‘ఉదయిని’ అనే సాహిత్య పత్రికకు సంపాదకుడు. మంచి సాహిత్యాన్ని పాఠకులకు అందించాలన్న పట్టుదల తప్ప ఆయన చేతిలో మరే పెట్టుబడీ లేదు. పత్రిక నిలవలేదు. పేదరికం ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీసింది, క్షయ వ్యాధి సోకింది. 1937లో చిన్న వయసులోనే ఆయన కన్నుమూశారు. కొంపెల్ల మరణం శ్రీశ్రీని జీవితాంతం వెన్నాడింది. ప్రతిభ ఉన్నవాడు, చదువుకున్నవాడు, ఎవరికీ అపకారం తలపెట్టనివాడు లోకం పట్టించుకోకపోవడం వల్ల రాలిపోయాడన్న బాధ ఆయన కవిత్వంలో నిప్పులా రగిలింది. ‘మహాప్రస్థానం’ కావ్యాన్ని శ్రీశ్రీ ఆ మిత్రుడికే అంకితమిచ్చారు. ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి కొంపెల్ల మరణించి పదమూడేళ్లు గడిచాయి.

మహాప్రస్థానం

భావకవిత్వం ఊహాసుందరిని, విరహాన్ని, వెన్నెలను గానం చేసింది. అది తెలుగు భాషకు గొప్ప మాధుర్యాన్ని ఇచ్చిన మాట నిజం. అయితే వీధిలో ఆకలితో పడివున్న మనిషిని చూసిన కవికి ఆ భాష చాలలేదు. శ్రీశ్రీ కొత్త భాషను వెదకుకున్నారు. ఆ వెదకులాటలో ఆయనకు దారి చూపినవారు గురజాడ అప్పారావు. గురజాడ ముత్యాలసరంలోని నడక, సామాన్యుడిపై ఆయన చూపిన ఆదరం శ్రీశ్రీని ఆకర్షించాయి. సంప్రదాయ వృత్తాలను విడిచి మాత్రాఛందస్సులో, ప్రజల పలుకుబడికి దగ్గరైన మాటలతో, కవాతు చేసే పాదాల వంటి లయతో ఆయన గీతాలు రచించారు.

1933లో రాసిన ‘జయభేరి’తో ఈ కొత్త దారి మొదలైంది. 1934 ఏప్రిల్‌లో ‘మహాప్రస్థానం’ గీతం పుట్టింది. దానిని ప్రచురించడానికి ఆనాటి ప్రముఖ పత్రిక ఒకటి ముందుకు రాలేదు. ముద్దుకృష్ణ నడిపిన ‘జ్వాల’ పత్రిక దానికి చోటిచ్చింది. తెలుగు కవిత్వ చరిత్రను మార్చిన గీతానికి ఎదురైన తొలి అనుభవం నిరాకరణే కావడం గమనించదగ్గది.

ఈ కాలంలో వెలువడిన ఖండికలలో మాంద్యం పేరు కనిపించదు. ధరల పట్టికలు, నిరుద్యోగుల లెక్కలు ఉండవు. మనుషులు కనిపిస్తారు. ‘భిక్షువర్షీయసి’లో దారి పక్కన చెట్టు నీడన ఒంటరిగా మిగిలిపోయిన ముదుసలి బిచ్చగత్తె ఉంటుంది. ఆమె చావుకు బాధ్యత ఎవరు వహించాలన్న ప్రశ్న పాఠకుణ్ణి వదలదు. ‘బాటసారి’లో బ్రతుకుతెరువు వెదుక్కుంటూ, తల్లి వద్దన్నా వినక, పల్లె విడిచి పట్టణానికి బయలుదేరిన యువకుడు ఉంటాడు. దారి తప్పి, జ్వరంతో కృశించి, చీకటిలో ఒంటరిగా అతడు ప్రాణం విడుస్తాడు. అదే రాత్రి ఎక్కడో పల్లెలో అతని తల్లికి కలత నిద్ర. విశాఖ రేవుకు, రంగూనుకు, మద్రాసుకు బయలుదేరి తిరిగి రాని ఎందరో పల్లెటూరి యువకులు ఆ ఒక్క బాటసారిలో కనిపిస్తారు. ‘ప్రతిజ్ఞ’లో పొలంలో, గనిలో, కర్మాగారంలో చెమటోడ్చే మనుషుల శ్రమకు కవి నమస్కరిస్తాడు. ‘దేశచరిత్రలు’లో రాజుల విజయాల వెనుక పేరు లేకుండా మరుగునపడిన శ్రామికుల కోసం కవి వెదుకుతాడు. ‘ఋక్కులు’ ఖండికలో నిత్యజీవితంలోని అల్పమైన వస్తువు కూడా కవిత్వానికి తగినదేనని ఆయన చాటారు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గుర్తించాలి. శ్రీశ్రీ ముందుగా ఒక సిద్ధాంతాన్ని నేర్చుకొని, దానికి ఉదాహరణలుగా ఈ గీతాలు రాయలేదు. మహాప్రస్థాన గీతాలు రాస్తున్న తొలి రోజులలో తనకు మార్క్సిజంతో పరిచయం లేదని, ఆ గీతాలే తనను అటు నడిపించాయని ఆయన తరువాత వివరించారు. అంటే ఆయన మొదట చూసినది మనిషి ఆకలిని. ఆ ఆకలికి కారణాలను వెదకడం తరువాతి పని. మాంద్యకాలపు సాహిత్యానికి ఉన్న బలం కూడా ఇదే. కళ్లెదుట కనిపించిన దానిని ఉన్నదున్నట్లు చూసి, దానిని మరచిపోవడానికి అది నిరాకరిస్తుంది.

కళాశాలలో శ్రీశ్రీ

1935లో శ్రీశ్రీకి విశాఖలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలలో డిమాన్‌స్ట్రేటరుగా ఉద్యోగం లభించింది. ప్రయోగశాలలో విద్యార్థుల చేత జంతుశాస్త్ర ప్రయోగాలు చేయించడం ఆ ఉద్యోగం. పగలు ప్రయోగశాలలో జీవుల శరీర నిర్మాణాన్ని వివరించిన వ్యక్తి తీరిక వేళ సమాజ నిర్మాణాన్ని పరీక్షించే గీతాలు రాశారు. శాస్త్ర విద్యార్థికి ఉండవలసిన నిశితమైన చూపు ఆయన కవిత్వంలోనూ కనిపిస్తుంది. చూసిన దానిని అలంకరించి కప్పిపుచ్చక, విప్పి చూపడం ఆయన పద్ధతి.

1937లో రాసిన ‘కవితా! ఓ కవితా!’ గీతాన్ని శ్రీశ్రీ ఒక సాహిత్య సభలో చదివారు. ఆ సభలో ఉన్న విశ్వనాథ సత్యనారాయణ ఎంతగానో చలించిపోయారు. భావాలలో శ్రీశ్రీకి, విశ్వనాథకు పొత్తు లేదు. ఒకరు సంప్రదాయానికి నిలువెత్తు ప్రతినిధి, మరొకరు దానిని ప్రశ్నించినవారు. అయినా నిజమైన కవిత్వం ఎదురైనప్పుడు విశ్వనాథ దానికి మనసారా తలవంచారు. అభిప్రాయభేదం ఉన్నచోట కూడా గుణాన్ని గుర్తించడం సంస్కారమని ఈ సంఘటన నేర్పుతుంది.

అదే సంవత్సరం రైతులు ఇచ్ఛాపురం నుండి మద్రాసు దాకా కాలినడకన యాత్ర సాగించారు. అప్పుల బరువు, శిస్తుల బరువు తగ్గించమని కోరారు. 1938లో మద్రాసు ప్రభుత్వం రైతు ఋణ విమోచన చట్టం తెచ్చింది. కవి గీతంలో పలికిన బాధ, రైతు నడకలో పలికిన బాధ ఒక్కటేనని దీనివల్ల తెలుస్తుంది.

తరువాతి జీవితం

1938లో మద్రాసులో వెలువడనారంభించిన ‘ఆంధ్రప్రభ’ దినపత్రికలో శ్రీశ్రీ ఉపసంపాదకులుగా చేరారు. తరువాత ఢిల్లీ ఆకాశవాణిలోను, సైన్యానికి సంబంధించిన కొలువులోను, ‘ఆంధ్రవాణి’ పత్రికలోను పనిచేశారు. ఏ ఉద్యోగమూ ఎక్కువకాలం నిలవలేదు. 1940లో ప్రసిద్ధ రచయిత చలం ‘యోగ్యతాపత్రం’ పేరుతో మహాప్రస్థానానికి ముందుమాట రాశారు. అది కావ్యంతో సమానంగా పేరు పొందింది. పుస్తకం అచ్చు కావడానికి మాత్రం మరి పదేళ్లు పట్టింది. 1950లో ‘మహాప్రస్థానం’ వెలువడింది. అప్పటికే ఆ గీతాలు యువకుల నోట నానుతున్నాయి.

అదే 1950లో ‘ఆహుతి’ చిత్రంతో శ్రీశ్రీ సినిమా రంగంలో ప్రవేశించి వందలాది పాటలు రాశారు. ‘అల్లూరి సీతారామరాజు’ (1974) చిత్రానికి రాసిన గీతానికి జాతీయ పురస్కారం అందుకున్నారు. 1966లో ‘ఖడ్గసృష్టి’ వెలువడింది. 1972లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ‘అనంతం’ పేరుతో తన జీవితకథను తానే చెప్పుకున్నారు. అందులో తన లోపాలను, తడబాట్లను దాచుకోలేదు.

1970లో విశాఖపట్నంలో ఆయన షష్టిపూర్తి ఉత్సవం జరిగింది. ఆ సందర్భంలో విశాఖ విద్యార్థులు రచయితలను నిలదీస్తూ ఒక కరపత్రం పంచారు. పీడితుల పక్షాన నిలుస్తారో లేదో తేల్చి చెప్పమన్నది దాని సారాంశం. సన్మానాలు అందుకుంటున్న వేళ వచ్చిన ఈ ప్రశ్నను శ్రీశ్రీ తేలికగా తీసుకోలేదు. ఆ సంవత్సరమే ఏర్పడిన విప్లవ రచయితల సంఘానికి తొలి అధ్యక్షులయ్యారు. ఆ నిర్ణయాన్ని మెచ్చినవారూ ఉన్నారు, విమర్శించినవారూ ఉన్నారు. అయితే అరవై ఏళ్ల వయసులో, కీర్తి శిఖరాన ఉండి, విద్యార్థుల ప్రశ్నకు జవాబుదారీగా నిలబడడం ఆయన స్వభావాన్ని తెలియజేస్తుంది. 1983 జూన్ 15న మద్రాసులో శ్రీశ్రీ కన్నుమూశారు. విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం ఉంది.

మాంద్యకాలపు సాహిత్యం – నేటి విద్యార్థి

శ్రీశ్రీ విశాఖలో గీతాలు రాస్తున్న సంవత్సరాలలోనే అమెరికాలో జాన్ స్టైన్‌బెక్ అనే రచయిత మాంద్యకాలపు కూలీల బ్రతుకును నవలలుగా రాశారు. 1937లో వెలువడిన ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’లో ఇద్దరు వలస కూలీలు తమకంటూ చిన్న పొలం ఉండాలని కలగంటారు. 1939 నాటి ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’లో ఒక రైతు కుటుంబం భూమిని పోగొట్టుకొని బ్రతుకుతెరువు కోసం కాలిఫోర్నియాకు తరలిపోతుంది. అమెరికా ఉన్నత పాఠశాలల్లో ఈ నవలలను తరతరాలుగా పాఠాలుగా బోధిస్తున్నారు. ఆ కలలుగన్న కూలీలకు, శ్రీశ్రీ బాటసారికి పరస్పరం పరిచయం లేదు. వారి భాషలు వేరు, దేశాలు వేరు. కాని ఊరు విడిచి పని వెదుక్కుంటూ నడిచిన అడుగుల చప్పుడు ఒక్కటే. ఒకే మాంద్యం భూగోళానికి రెండు వైపులా రెండు సాహిత్యాలను పుట్టించింది.

ఆ కాలాన్ని చూడని నేటి విద్యార్థికి ఆ సాహిత్యం ఎందుకు బోధించాలన్న ప్రశ్న రావచ్చు. చరిత్ర పుస్తకం ధర సగానికి పడిపోయిందని చెబుతుంది. ధర పడిపోయిన ఇంట్లో ఆ రాత్రి ఏమి జరిగిందో సాహిత్యం చెబుతుంది. అర్థశాస్త్రం నిరుద్యోగుల సంఖ్యను లెక్కిస్తుంది. ఆ సంఖ్యలో ఒకటిగా మిగిలిన కొడుకు కోసం తల్లి ఎదురుచూపును సాహిత్యం చూపుతుంది. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడే కాలం పూర్తిగా అర్థమవుతుంది. అందువల్ల ‘బాటసారి’ని చదివే విద్యార్థి ఆ యువకుడు ఎందుకు ఊరు విడిచాడని మొదట అడగాలి. ధాన్యం ధర, శిస్తు, అప్పు, పట్టణంలోని కొత్త రేవు అన్నీ అప్పుడు ఆ గీతం వెనుక నిలబడి కనిపిస్తాయి.

ఇటువంటి గీతాన్ని బట్టీపట్టి పరీక్షలో రాయడం తేలిక. అది మన ఊరి వారి కథ కూడా అని గుర్తించడం కష్టం. నేటి విశాఖ ఓడరేవుకు, ఉక్కు కర్మాగారానికి పేరుపొందిన నగరం. పని కోసం ఇక్కడికి వచ్చే వలస కూలీలు ఉన్నారు, ఇక్కడి పల్లెల నుండి దూరప్రాంతాలకు వెళ్లేవారూ ఉన్నారు. పెందుర్తి స్టేషనులో మూటాముల్లెతో రైలు దిగే మనిషిని చూసినప్పుడు ఆ విద్యార్థికి ‘బాటసారి’ గుర్తుకు రావాలి. అది గుర్తుకు వచ్చిన రోజు పాఠం నిజంగా పూర్తయినట్లు.

ఆకలిని అనుభవించి కూడా మనిషి మీద నమ్మకం కోల్పోని కవి శ్రీశ్రీ. లోకం తనను నిరాకరించిన రోజులలో ఆయన లోకాన్ని నిరాకరించలేదు. తన ఒక్కడి బాధలో ఎందరి బాధ కలిసి ఉందో గుర్తించి, దానిని అందరి గీతంగా మలిచారు. ఒక చీకటి దశాబ్దం తెలుగు సాహిత్యానికి ఇచ్చిన వెలుగు అదే.

కఠిన పదాలు – అర్థాలు

ఆర్థిక మాంద్యం = వ్యాపారం, ఉత్పత్తి, ఉపాధి దీర్ఘకాలం క్షీణించిన స్థితి
వైరుధ్యం = పరస్పర విరోధం
దత్తత = ఇతరుల బిడ్డను తమ బిడ్డగా స్వీకరించడం
విపణి = అంగడి, సంత
శిస్తు = భూమిపై చెల్లించే పన్ను
కుదువపెట్టు = తాకట్టు పెట్టు
మాత్రాఛందస్సు = మాత్రల లెక్కతో సాగే పద్యరచనా పద్ధతి
భిక్షువర్షీయసి = ముసలి బిచ్చగత్తె
నిశితమైన = పదునైన

అభ్యాసం

1. కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
అ) న్యూయార్కులో మొదలైన మాంద్యం ఉత్తరాంధ్ర రైతును ఎలా దెబ్బతీసింది?
ఆ) కొంపెల్ల జనార్దనరావు జీవితం శ్రీశ్రీని ఎలా ప్రభావితం చేసింది?
ఇ) విశ్వనాథ సత్యనారాయణ సంఘటన వల్ల మనం ఏమి నేర్చుకోవచ్చు?

2. కింది ప్రశ్నకు విపులంగా సమాధానం రాయండి.
శ్రీశ్రీ కవిత్వానికి, ఆయన జీవించిన కాలానికి గల సంబంధాన్ని వివరించండి.

3. మీ ఊరి నుండి పని కోసం వలస వెళ్లిన, లేదా మీ ఊరికి వలస వచ్చిన ఒక కుటుంబం అనుభవాలను తెలుసుకొని, పేర్లు లేకుండా ఒక పుటలో రాయండి.